కేబీఆర్ పార్కు: గోడకు ఇటు నడక, అటు అడవి

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కుకు నడకకు వచ్చేవాళ్లు గేటు దగ్గర తరచూ వేసే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. రోడ్డు పక్క బాట మీద కుక్కను తిప్పుకుంటున్నప్పుడు లోపలికి ఎందుకు రానివ్వరు? రాలిపడిన సీతాఫలం తీసుకుంటే తప్పేంటి? నెమలికి గుప్పెడు గింజలు వేస్తే పుణ్యమే కదా? టికెట్ కొన్నాక కూడా బాట దిగొద్దంటారెందుకు? విడివిడిగా చూస్తే ఇవన్నీ గార్డుల చాదస్తంలా కనిపిస్తాయి. వీటన్నిటికీ జవాబు ఒకటే. పేరులో పార్కు ఉన్నా ఇది అడవి. అదీ నాలుగు దిక్కులా రోడ్లు చుట్టేసిన చాలా చిన్న అడవి.

కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం విస్తీర్ణం 142.5 హెక్టార్లు, అంటే సుమారు 352 ఎకరాలు. ఒకప్పుడు ఈ నేల ఏడో నిజాం మనవడు ముకర్రం జా ఎస్టేటు. చిరాన్ ప్యాలెస్, మోర్ బంగళా, గోల్ బంగళా, మోటారుఖానా, గుర్రపుశాలలు, పాత బావులు ఆ కాలం గుర్తులు. 1998లో దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించి, 1964 నుంచి 1971 వరకు ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న నేత పేరు పెట్టారు. నగరం చుట్టుపక్కల ఇలాంటివి మరో రెండున్నాయి. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి దీనికి పది రెట్లు, చిలుకూరు దగ్గరి మృగవని రెండున్నర రెట్లు పెద్దవి. ఊరు నడిబొడ్డున మిగిలింది మాత్రం ఇదే.

ఎంత చిన్నదో లెక్క వేస్తే తేలుతుంది. 142.5 హెక్టార్ల నేల సరిగ్గా గుండ్రంగా ఉంటే దాని వ్యాసార్ధం 670 మీటర్లు. ఈ అడవి వంకరటింకరగా ఉంది కాబట్టి లోపల ఎక్కడ నిలబడ్డా దగ్గరి గోడ అంతకంటే దూరం ఉండే వీల్లేదు. పది నిమిషాల నడక కూడా కాదు. చుట్టూ తిరిగితే మాత్రం ఐదున్నర కిలోమీటర్ల పైమాటే. రోడ్డు వెలుతురు, హారన్లు, దుమ్ము, వీధికుక్కలు, కలుపు విత్తనాలు గోడ దాటి వంద మీటర్లు లోపలికి వస్తాయనుకుందాం. అలా దెబ్బతినే అంచు ఒక్కటే 50 హెక్టార్లు, మొత్తంలో మూడో వంతు కన్నా ఎక్కువ. రెండు వందల మీటర్లనుకుంటే సుమారు మూడింట రెండొంతులు పోతుంది. గేటు దగ్గర రాసిపెట్టిన నియమాలన్నీ ఈ అంచు లోపలికి పాకకుండా ఆపే ప్రయత్నాలే.

ఎవరి హద్దు ఎక్కడ

రోడ్డు, దాని పక్కన నడక బాట, ఆ తర్వాత గోడ. నడిచేవాడికి ఇదంతా ఒకే చోటు. పాలన లెక్కలో మాత్రం వేర్వేరు. బయటి బాట నగరపాలక సంస్థది. అక్కడ టికెట్ లేదు, పెంపుడు కుక్కలు తిరుగుతాయి, వ్యాయామ పరికరాలూ కనిపిస్తాయి. గోడ దాటితే అటవీ శాఖ రాజ్యం. కజిరంగా, కన్హా లాంటి పెద్ద జాతీయ ఉద్యానాలకు వర్తించే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే ఇక్కడా వర్తిస్తుంది.

ఆ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలోకి ప్రవేశం హక్కు కాదు, అనుమతి. పరిశోధన, ఫొటోగ్రఫీ, పర్యటన లాంటి కొన్ని పనులకే అనుమతి ఇవ్వొచ్చు. గేటు దగ్గర కొనే టికెట్టు, నడకదారుల పాసు నిజానికి ఆ అనుమతి పత్రాలు. లోపలి నుంచి ఏ అటవీ ఉత్పత్తినీ తీసుకుపోకూడదు. సీతాఫలం అయినా, నెమలి ఈక అయినా, ఎండిన కట్టె అయినా ఆ మాట కిందికే వస్తాయి. నిప్పు పెట్టడం, మండుతున్న నిప్పును వదిలేయడం నేరం. ఎండాకాలం జేబులో సిగరెట్ పెట్టె ఉన్నా గార్డు ఆపేది అందుకే. ఫిబ్రవరి, మార్చికల్లా ఇక్కడ చెట్లు ఆకు రాల్చేస్తాయి, మే చివరిదాకా నేలంతా ఎండుటాకే. ఊడ్చి ఉంచిన మట్టిబాటలు నడకకే కాదు, మంట ఒక వైపు నుంచి మరో వైపుకు దాటకుండా అడ్డుపట్టీలుగానూ పనికొస్తాయి.

గోడకు, రోడ్డుకు మధ్య ఇంకో గీత ఉంది. అది కంటికి కనిపించదు. రక్షిత ప్రాంతాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని, అంటే పనుల మీద ఆంక్షలుండే పట్టీని, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం ప్రకటిస్తుంది. కేబీఆర్‌కు 2020లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ మండలం వెడల్పు చోటును బట్టి 3 మీటర్ల నుంచి 29.8 మీటర్లు. పెద్ద అడవుల చుట్టూ ఇది కిలోమీటర్లలో ఉంటుంది. కొన్నిచోట్ల మూడే మీటర్లు ఉన్నప్పుడు ఆ కాస్త జాగాలోని ఒక్కో వేపచెట్టు, ఒక్కో వీధిదీపం లెక్కలోకి వస్తాయి. ఈ గీత గురించి చివర్లో మళ్లీ మాట్లాడుకోవాలి.

ఈ అడవి ఎండిపోయింది కాదు

ఏప్రిల్‌లో మొదటిసారి లోపలికి వెళ్లినవాళ్లు నిరాశపడతారు. బోడి కొమ్మలు, ముళ్లు, వేడెక్కిన బండలు. నీళ్లు పోసి పచ్చగా చేయొచ్చు కదా, నీడనిచ్చే చెట్లు నాటొచ్చు కదా అంటారు. ఇదే ఈ చోటుకు జరగగల పెద్ద అన్యాయం. హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే. కింద సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని మీద పలుచటి ఎర్రమట్టి, మొరం. ఇంత తక్కువ మట్టిలో, ఏడెనిమిది నెలలు వాన లేకుండా బతకాలంటే ఆకు రాల్చాలి, ముల్లు పెంచాలి, వేరును బండ చీలికల్లోకి దించాలి. మోదుగు, రేల, తెల్లతుమ్మ, చండ్ర, రేగు, ఊడుగ, సీతాఫలం, తంగేడు చేస్తున్నది అదే. దక్కన్ పీఠభూమి అసలు ముఖం ఇలాగే ఉండేది. నగరం పెరిగిన కొద్దీ బండలు పగిలి, ఈ పొద అడవులు ఇళ్ల స్థలాలైపోయాయి.

కాబట్టి ఏ నెలలో వెళ్తే ఏం కనిపిస్తుందో తెలుసుకుని వెళ్లాలి. ఫిబ్రవరి, మార్చిలో ఆకులేని కొమ్మ మీద మోదుగు పూస్తుంది. పక్షులు స్పష్టంగా కనిపించేదీ అప్పుడే, అడ్డుగా ఆకు ఉండదు. ఏప్రిల్, మేలో రేలపూలు. తొలకరికి ముందే నెమళ్లు పురివిప్పడం మొదలుపెడతాయి, వానలన్నాళ్లూ సాగుతుంది. ఆ తర్వాత మగ నెమలి పింఛం ఈకలు రాల్చేస్తుంది. అక్టోబరులో పింఛం లేని నెమలిని చూసి జబ్బు చేసిందని కంగారు పడనక్కర్లేదు. మే చివర, జూన్‌లో వలస పోయే పొన్నంగి పిట్ట దారిలో ఇక్కడ ఆగొచ్చు. అది ఎండుటాకుల్లో పురుగులు వెతుక్కుంటుంది. కాబట్టి తలెత్తి కొమ్మల్లో వెతికితే దొరకదు, నేల మీద చూడాలి. బతుకమ్మ రోజులకు తంగేడు పూస్తుంది. పూసినా లోపలి పువ్వు కోయడానికి లేదు.

లోపల శ్రీగంధం చెట్లూ ఉన్నాయి. దొంగల కన్ను వీటి మీదే. గంధం చెట్టు సగం పరాన్నజీవి: దాని వేళ్లు పక్కనున్న మొక్కల వేళ్లను అంటుకుని వాటి నుంచి నీళ్లు, లవణాలు పీల్చుకుంటాయి. పండును పికిలిపిట్ట, కోకిల తిని విత్తనాన్ని వేరే చోట వేస్తాయి. అందుకే గంధం మొలకలు వరసగా ఉండవు, పిట్టలు వాలే పెద్ద చెట్ల కింద గుబురుగా కనిపిస్తాయి. చుట్టూ ఉన్న పొదలు కొట్టేసి గంధం చెట్టును ఒంటరిగా నిలబెడితే అది నీరసిస్తుంది. ‘పిచ్చి మొక్కలు తీసేసి మంచి చెట్లు ఉంచుదాం’ అనే ఆలోచన అడవిలో ఎందుకు పనిచేయదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

అయితే తీసేయాల్సిన మొక్కలూ ఉన్నాయి. లాంటానా, సర్కారు తుమ్మ, సుబాబుల్, వయ్యారిభామ. నాలుగూ బయటి దేశాలవే, నాలుగూ అంచు నుంచే మొదలవుతాయి. వీటిలో లాంటానా వ్యవహారం చిక్కైనది. అది గుబురుగా అల్లుకుని కింద మరో మొలక రానివ్వదు, ఎండితే మంటను ఎత్తుకు తీసుకెళ్తుంది. కానీ దాని పండ్లు పిట్టలకు ఆహారం, దాని నీడన నెమలి నేల మీదే గుడ్లు పెడుతుంది. ఒకేసారి ఎకరాలకెకరాలు పీకేస్తే గుడ్లు, పిల్లలు కుక్కల పాలవుతాయి. నెమళ్లు గుడ్లు పెట్టే వానాకాలం దాటాక, చిన్న చిన్న ముక్కలుగా, వేరుతో సహా తీసి, ఖాళీ అయిన చోట అక్కడి మొక్కలే లేచేలా చూడాలి. నరికి వదిలేస్తే మొదలు నుంచి రెట్టింపు కొమ్మలు వేస్తుంది.

ఇక గింజల సంగతి. నెమలికి వేసిన గింజలన్నీ నెమలే తినదు. మిగిలినవాటికి ఎలుకలు, పావురాలు చేరతాయి. ఎలుకల వెంట పాములు బాట అంచుకు వస్తాయి. మనుషుల చేతి వైపు చూడటం మరిగిన నెమలి కుక్క ఎదురొచ్చినా తప్పుకోవడం మరిచిపోతుంది. పైగా చెదలు, పురుగులు, చిన్న పాముల్ని తినడం తగ్గిస్తుంది, ఈ అడవిలో దాని పనే అది. పుణ్యం కోసం వేసిన గుప్పెడు గింజలు ఇంత దూరం వెళ్తాయి.

నడవాల్సిన తీరు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో స్టేషన్ నుంచి నడిచే రావచ్చు. బండి ఎక్కడ ఆపాలన్న బెంగ ఉండదు. ప్రవేశం ఉదయం, సాయంత్రం పూటలే. కాలాన్ని బట్టి వేళలు, రుసుము మారుతుంటాయి కాబట్టి గేటు దగ్గరి బోర్డునే నమ్మండి. జంతువుల కోసం వెళ్తుంటే గేటు తెరిచిన వెంటనే లోపలుండాలి. అలుగు, పునుగుపిల్లి, అడవిపిల్లి, ముళ్లపంది రాత్రి తిరిగేవి. అవి కనిపించడం అరుదు, కానీ వాటి ఆనవాళ్లు తెల్లవారుజామున తాజాగా ఉంటాయి. వందమంది నడిచాక బాట మీద ఏ అడుగూ మిగలదు. చలికాలంలో మాత్రం ఒక మెలిక ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నేల దగ్గరి చల్లగాలి పైకి లేవక, వాహనాల పొగ కిందే నిలిచిపోతుంది. ఆ నెలల్లో బయటి బాట మీద నడిచేవాళ్లు ఎండ కాస్త ముదిరాక బయల్దేరడం మేలు, ఉబ్బసం ఉన్నవాళ్లు లోపలి బాటే ఎంచుకోవాలి.

చెప్పులు, నునుపుగా అరిగిన బూట్లు వద్దు. గ్రానైట్ అరిగి ఏర్పడిన మొరం గరుకు వాలు మీద రాగుల మీద అడుగేసినట్టు జారుతుంది. జారేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. దిగుడులో అడుగు చిన్నదిగా, పాదం మొత్తం ఆనేలా వేయాలి. నిండు ప్యాంటు, మేజోళ్లు, ముదురు మట్టిరంగు బట్టలు. సెంటు పూసుకోవద్దు. ఎండాకాలం గంటకు కనీసం అర లీటరు నీళ్లు, తిరిగి తీసుకెళ్లే సీసాలో.

వేగంగా నడవడం ఆరోగ్యానికి మంచిది, అడవిని చూడటానికి పనికిరాదు. చూడాలనుకున్న రోజు వేరే పెట్టుకోండి. గంటకు కిలోమీటరున్నర దాటకుండా నడిచి, మలుపు దగ్గర ఐదు నిమిషాలు కదలకుండా నిలబడండి. మనిషి అలికిడికి ఆగిపోయిన పిట్టల పలుకులు రెండు మూడు నిమిషాల్లో మళ్లీ మొదలవుతాయి. బూడిదరంగు పిట్టలు గుంపుగా ఒకే పొద చుట్టూ చేరి గోల పెడుతుంటే అక్కడ పామో, పిల్లో, గుడ్లగూబో ఉన్నట్టు. దగ్గరికి పోకుండా అక్కడే నిలబడి చూడాలి. చెదపుట్ట పక్కన కొత్తగా తవ్వి ఎగజిమ్మిన మట్టి కనిపిస్తే రాత్రి ఏదో చెదలు తినిపోయింది. నలుపు తెలుపు పట్టీల ముల్లు పడి ఉంటే ముళ్లపంది ఆ దారిన వెళ్లింది. ఫొటో తీసి అక్కడే వదిలేయండి.

ఇతరులు నడిచి పడిన అడ్డదారులు ఊరిస్తుంటాయి. వాటిలోకి వెళ్లకపోవడానికి కారణం పాము భయం ఒక్కటే కాదు. పది అడుగులు పడితే పలుచటి మట్టి గట్టిపడుతుంది, గట్టిపడిన చోట వాన ఇంకక కాలువలా పారుతుంది. మరుసటి ఏడు అక్కడ గండి, దాని పక్కన ఇంకో అడ్డదారి. అడవి నడుమ కొత్త అంచు పుట్టేది ఇలాగే.

ఏ ప్రమాదాలు రావొచ్చు

పాములంటే అందరికీ భయం, కానీ బాట మధ్యలో నడిచేవాడికి ప్రమాదం చాలా తక్కువ. కాటు పడేది బండ మీద చేయి ఆనించినప్పుడు, ఎండుటాకుల్లోకి అడుగు పెట్టినప్పుడు, బంతి కోసం పొదలో చేయి పెట్టినప్పుడు. మన ప్రాంతంలో ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది, కాబట్టి ఏ పామో తెలుసుకోవడానికి దాన్ని వెంబడించే అవసరం లేదు. కాటు పడ్డ వెంటనే కూర్చోబెట్టాలి. ఉంగరాలు, గడియారం, బూట్లు తీసేయాలి, వాపు వచ్చాక అవి రావు. కాలు కదలకుండా కర్ర ఆసరాగా కట్టాలి గానీ రక్తం ఆగేలా బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. 108కి ఫోన్ చేసి, కాటు పడిన సమయం రాసి పెట్టుకోండి. కట్లపాము కాటు నొప్పి లేకపోవచ్చు, వాపూ రాకపోవచ్చు. నొప్పి లేదని ఇంటికి వెళ్లిపోతే కొన్ని గంటల్లో కనురెప్పలు వాలి ఊపిరి ఆడకుండా పోతుంది.

పాముకంటే ఎవరూ పట్టించుకోని ప్రమాదం పొదల్లోని నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, ‘మైట్’ అనే చిన్న పురుగు). కంటికి ఆనీ ఆనని ఈ నల్లి పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. వానల తర్వాత, ఆగస్టు నుంచి నవంబరు దాకా జాగ్రత్త. గడ్డి మీద కూర్చోవద్దు, ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో వేసి స్నానం చేయండి. కుట్టిన ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల్లో జ్వరం, తలనొప్పి వస్తే, చంకలో, నడుం దగ్గర, మోకాలి వెనక నల్లగా చెక్కు కట్టిన చిన్న పుండు ఉందేమో చూసుకోండి. పొదల్లో నడిచిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే డెంగీ, టైఫాయిడ్ పరీక్షల చుట్టూ విలువైన రోజులు గడిచిపోతాయి. తొందరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతో నయమవుతుంది.

పెద్ద తేనెటీగలు రేగితే చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని, తిన్నగా బాట వెంట పరుగెత్తి మూసిన గదిలోకో వాహనంలోకో వెళ్లాలి. ముళ్లను వెంటనే గోటితో గీకేయాలి.

ఫ్లైఓవర్ ప్రశ్న

అడవి చుట్టూ ఉన్న ఆరు జంక్షన్లు నగరంలో బాగా రద్దీ ఉన్నవి. 2016లో వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి ప్రణాళిక కింద ఇక్కడ ఫ్లైఓవర్లు ప్రతిపాదించినప్పుడు బయటి బాట చెట్ల కోసం పౌరులు రోడ్డెక్కారు, జాతీయ హరిత ట్రిబ్యునల్ నరికివేతపై స్టే ఇచ్చింది. 2024లో హెచ్-సిటీ అనే కొత్త పథకం పేరుతో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రతిపాదన మళ్లీ వచ్చింది. గోడ లోపలికి ఒక్క అంగుళం కూడా రావడం లేదు కదా అన్నది వాటిని సమర్థించేవాళ్ల మాట. పైన వేసిన లెక్క చూస్తే ఆ మాట సమస్యను ఎక్కడ తప్పిస్తోందో తెలుస్తుంది. అడవికి దెబ్బ తగలాలంటే గోడ కూలనక్కర్లేదు, అంచు లోపలికి జరిగితే చాలు. గోడ పక్కన చెట్ల వరస పోతే, పది మీటర్ల ఎత్తున దీపాలు వెలిగితే, గోడ ఆపుతున్న వెలుతురు, చప్పుడు దాని మీదుగా లోపలికి దూకుతాయి. ట్రాఫిక్ బాధ నిజమే, దాన్ని తీసిపారేయలేం. కానీ ఈ అడవికి వెనక్కి జరగడానికి చోటు లేదు.

ఇలాంటి ప్రతిపాదన మీద అభ్యంతరాలు రాసేవాళ్లు ‘చెట్లు కాపాడండి’ అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. నాలుగు విషయాలు అడగాలి. స్తంభాల వరస, ర్యాంపుల అంచు 2020 నోటిఫికేషన్ గీతకు ఎన్ని మీటర్ల దూరంలో వస్తున్నాయో ఒకే పటం మీద చూపించమనాలి. వేళ్లతో తీసి వేరేచోట నాటుతామంటే ఏ జాతులో అడగాలి. మర్రి, రావి లాంటివి కొమ్మలు నరికి నాటినా చిగురిస్తాయి; లోతుగా తల్లివేరు దించుకున్న ముదురు చెట్లు ఎక్కువగా చనిపోతాయి. రెండేళ్ల తర్వాత ఎన్ని బతికాయో లెక్క చెప్పే బాధ్యత ఎవరిదో రాతలో ఉండాలి. దీపాలు కిందికే వెలుతురు పడేలా కప్పుతో, అడవి వైపు మూసి ఉంటాయా? ఎవరూ అడగనిది వాన నీళ్ల సంగతి: టైరు దుమ్ము, నూనె కడిగిన ఫ్లైఓవర్ నీళ్లు ఏ గొట్టం గుండా, గోడకు ఏ వైపు వదులుతారో గీసి చూపించమనాలి.